మునిగిన చోటే మళ్లీ ఊరా? విపత్తు ప్రాంతాల్లో పునర్నిర్మాణం

వరద, తుపాను, ఉప్పెన, భూకంపం వంటి విపత్తు ఒక ఊరిని దెబ్బతీసినప్పుడు దాన్ని ఉన్నచోటే తిరిగి కట్టాలా, మరోచోటికి తరలించాలా అన్న ప్రశ్న తెలుగు నేలకు కొత్తది కాదు. కోరంగి, మచిలీపట్నం, దివిసీమ, హైదరాబాదు, కర్నూలు, విజయవాడ, కడప జిల్లాలో చెయ్యేటి ఒడ్డు పల్లెలు ఒక్కొక్కటి ఒక్కో జవాబు చెప్పాయి. వీటిలో ప్రభుత్వం పూర్తిగా ఖాళీ చేయించిన ఊరు అరుదు. జనం తమంతట తాము వదిలేసిన ఊరు ఇంకా అరుదు. మిగతావన్నీ నీళ్లు తీసిన వారానికే పొయ్యి వెలిగించుకున్నవి. బయటివాళ్లు దాన్ని మొండితనం అనుకుంటారు. దగ్గరికి వెళ్లి చూస్తే అందులో మొండితనం పాలు తక్కువ, బతుకుతెరువు పాలు ఎక్కువ.

కడప జిల్లా పెద్దముడియం ఇందుకు మంచి ఉదాహరణ. ఇది కుందూ నది పక్కన వెలసిన ఊరు. ఇక్కడ దొరికిన దేవతామూర్తుల శిల్పఫలకం సుమారు 5వ శతాబ్దానిదని పండితులు లెక్కకట్టారు. తూర్పు చాళుక్యుల తర్వాతి కాలపు శాసనాల్లో ఒక కథ ఉంది. విజయాదిత్యుడు యుద్ధంలో చనిపోతే గర్భవతి అయిన అతని భార్యకు ముడివేము అగ్రహారంలో విష్ణుభట్ట సోమయాజి ఆశ్రయమిచ్చాడు. ఆ ముడివేమే నేటి పెద్దముడియం అని చరిత్రకారులు గుర్తించారు. కథలో నిజమెంతో ఎలా ఉన్నా, ఏటి పక్కన పదిహేను వందల ఏళ్లుగా జనం కాపురం ఉంటున్నారన్నది మాత్రం ఖాయం. ఆ పదిహేను వందల ఏళ్లలో కుందూ ఎన్నిసార్లు పొంగి ఉంటుందో ఊహించుకోవచ్చు.

కుందూ కర్నూలు జిల్లా ఓర్వకల్లు ప్రాంతంలో పుడుతుంది. నంద్యాల, కోయిలకుంట్ల మీదుగా వచ్చి, పెద్దముడియం, రాజుపాళెం, ప్రొద్దుటూరు మండలాలను ఒరుసుకుంటూ పోయి కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. దాని రెండు గట్లూ నల్లరేగడే. వానాకాలపు తేమను పొట్టలో దాచుకుని చలికాలంలో శనగను పండించే నేల అది. కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద వరి కూడా ఉంది. ఇలాంటి భూమిని వదిలి ఎర్రమల గుట్టల్లో సున్నపురాతి మీద కాపురం పెట్టమంటే రైతు ఎందుకు ఒప్పుకుంటాడు? వరద ఏ ఐదేళ్లకో పదేళ్లకో వస్తుంది, శనగ ఏటా పండుతుంది.

పాతవాళ్లు ఈ లెక్కను ఊరి కట్టడంలోనే సర్దుకున్నారు. పొలం పల్లంలో, ఇల్లు దిబ్బ మీద. ఎందరో కట్టి, కూలి, మళ్లీ కట్టిన మట్టే ఆ దిబ్బను తరానికి కొంత ఎత్తు పెంచింది. వదిలేసిన ఊళ్ల పాటిమన్నును ఇప్పటికీ రైతులు ట్రాక్టర్లతో తోలుకుని పొలాలకు వేసుకుంటారు. అంటే రాయలసీమలో పాడుబడిన ఊరు కూడా పంటకు పనికొచ్చింది. కొత్త ఇళ్లు మాత్రం దిబ్బ మీద చోటు చాలక, రోడ్డు దగ్గరవుతుందని పల్లానికి దిగాయి. ముంపు లెక్కల్లో ఎక్కువగా కనబడేవి ఇవే.

సీమ మిద్దె గురించి కూడా చెప్పుకోవాలి. రాతి గోడకు మట్టి అడుసు, పైన దూలాలు, దంతెలు, వాటి మీద బండలో కట్టెలో పరిచి, ఆపైన చౌడుమన్ను. ఎండకు చల్లగా ఉంటుంది, అప్పుడప్పుడు పడే వానకు తట్టుకుంటుంది. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే కథ మారుతుంది. చౌడు నీళ్లు తాగి బరువెక్కుతుంది, దూలం వంగుతుంది. గోడ అడుగున నీళ్లు నిలిస్తే రాళ్ల మధ్య అడుసు కరిగిపోతుంది. ఎక్కువ వానలు పడిన ప్రతి ఏడాదీ జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల పల్లెల్లో మిద్దె కూలిందన్న వార్త ఒకటైనా వస్తుంది. నది ఒడ్డు నుంచి ఊరిని తరలించే ఖర్చుతో పోలిస్తే ఆ గోడల కింద సిమెంటు పునాది, పైన కప్పు వేసుకోవడానికి సాయం చేయడం చాలా చవక. పునర్నిర్మాణ చర్చల్లో ఈ చిన్న పని వెనకబడిపోతుంది. దానికి శంకుస్థాపన ఉండదు కదా.

నీళ్లు తక్కువైన జిల్లాలో వరదలు

కడప పేరు చెబితే కరువే గుర్తొస్తుంది. పులివెందుల వైపు రైతుకు తరాలుగా నీళ్లు రాకపోవడమే విపత్తు. ఐనా ఈ జిల్లా వరద చరిత్ర చిన్నదేం కాదు. 1902 సెప్టెంబరులో ముద్దనూరు వైపు మంగపట్నం దగ్గర వాగు పొంగి రైలు వంతెన కొట్టుకుపోయింది. ఆ చీకట్లో వచ్చిన మెయిలు బండి వాగులో పడి 70 మంది దాకా చనిపోయారు. బొంబాయి-మద్రాసు మార్గంలో ఆ లైను తిరిగి కట్టారు, నేటికీ రైళ్లు అటే పోతున్నాయి. లైనును మరో లోయకు మార్చాలని ఎవరూ అనుకోలేదు. వంతెన ఉంటే సరిపోతుందనుకున్నారు, ఆ అంచనా తప్పలేదు.

కడప పట్టణం మధ్యలో పారే బుగ్గవంక అసలు కథ వేరు. చాలా కాలం అది మురికికాలువ లాగే కనబడేది. ఒడ్డున ఇళ్లు, దుకాణాలు దగ్గరకు జరుగుతూ వచ్చాయి. 2001 అక్టోబరులో ఒక్క రాత్రిలో వంక ఉప్పొంగి ప్రాణాలు తీసుకుపోయింది. తర్వాత వంకకు రెండువైపులా రక్షణ గోడలు మొదలయ్యాయి. 2020 నవంబరులో నివర్ తుపాను వేళ ఎగువన జలాశయం నుంచి నీళ్లు వదలగానే పట్టణంలో పల్లపు వీధులు మళ్లీ మునిగాయి. పట్టణాన్ని తరలించడం ఎవరి ఊహకూ అందని పని. వంక గర్భంలోకి జరిగిన కట్టడాలను వెనక్కి జరపడం చేతనైన పని, దానికే అందరూ వెనకాడతారు.

2015 చివర్లో వానలు దంచికొట్టాక చింతకొమ్మదిన్నె మండలంలో మరో వింత మొదలైంది. పొలాల్లో, ఇళ్ల పక్కన భూమి గుండ్రంగా కుంగిపోయి గుంతలు పడ్డాయి. అడుగున ఉన్నది సున్నపురాయి. నీళ్లకు కొద్దికొద్దిగా కరిగి లోపల బోలు ఏర్పడుతుంది. బోర్లతో నీళ్లు తోడేసినంత కాలం బోలు ఖాళీగా ఉండి, ఒక్కసారిగా వాన నీళ్లు దిగినప్పుడు పైకప్పు నిలవదు. ఇలాంటి చోట మళ్లీ కట్టాలా వద్దా అన్నది వరద ఊరి ప్రశ్న లాంటిది కాదు. ఎక్కడ కుంగుతుందో ముందే తెలియాలంటే భూగర్భ పరిశీలన ఒక్కటే దారి.

ఇక కుందూ వరదలో ఒక మెలిక ఉంది. ఈ నదిలో వాననీళ్లతో పాటు శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, బనకచర్ల రెగ్యులేటర్ల మీదుగా వచ్చే కృష్ణా నీళ్లు కూడా పారతాయి. పెన్నకూ అక్కడి నుంచి సోమశిలకూ నీళ్లు చేరవేసే సహజ కాలువగా దీన్ని వాడుకుంటున్నారు. 2019 సెప్టెంబరులో నంద్యాల ప్రాంతంలో కుండపోత వానలు పడినప్పుడు కుందూ పొంగి పెద్దముడియం మండలంలో ఏటి వెంట ఊళ్లకు దారులు తెగాయి, పైర్లు నీళ్లలో ఉండిపోయాయి. ఇలాంటి వేళ పై గేట్ల నుంచి ఎంత వదులుతున్నారన్నది దిగువన ఉన్నవాళ్లకు వాన ఎంత పడిందన్నంత ముఖ్యం. అదే ఏడాది డిసెంబరు 23న కుందూపై రాజోలి దగ్గర 2.95 టీఎంసీల జలాశయానికి శంకుస్థాపన జరిగింది. ఏటి నీళ్లకు గేటు మరొకటి తోడవుతుందన్నమాట.

చెయ్యేరు నేర్పింది

గేటు మాట వచ్చాక అన్నమయ్య ప్రాజెక్టును దాటిపోలేం. రాజంపేట మండలం బాదనగడ్డ దగ్గర చెయ్యేటిపై కట్టిన ఈ జలాశయం నిల్వ రెండు టీఎంసీలకు కొద్దిగా పైన. 2021 నవంబరు 18 రాత్రి ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్లన్నీ చెయ్యేట్లోకి దూకాయి. అన్నమయ్య గేట్లు సుమారు 2.17 లక్షల క్యూసెక్కులను వదలగలవని లెక్క. ఆ రాత్రి వచ్చినది మూడు లక్షలు దాటింది. పైగా ఐదు గేట్లలో ఒకటి అంతకుముందే పాడై పైకి లేవలేదు. 19వ తేదీ తెల్లవారుజామున మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లాయి. మట్టికట్ట మీద నీళ్లు పొర్లితే ఇక దాన్ని ఆపేదేమీ ఉండదు.

దిగువన పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట, గుండ్లూరు కళ్లు తెరిచేసరికి ఏరు వీధిలో ఉంది. ఆ రోజు కార్తీక పున్నమి. దీపాలు పెట్టడానికి గుడికి వెళ్లినవాళ్లూ, ఆర్టీసీ బస్సుల్లో దారిన పోతున్నవాళ్లూ చిక్కుకున్నారు. ముప్పై మందికి పైగా చనిపోయారు. వందల ఇళ్లు నేలమట్టమయ్యాయి. అరటి, మామిడి, వరి పొలాల మీద అడుగుల లెక్కన ఇసుక మేటలు వేసింది. అదే వారంలో వెలిగల్లు జలాశయం నుంచి వదిలిన నీళ్లకు కమలాపురం దగ్గర పాపఘ్ని వంతెన కూడా కూలి కడప-తాడిపత్రి దారి తెగిపోయింది.

ఇక్కడ విపత్తులో ప్రకృతి వాటా ఎంత, మనిషి వాటా ఎంత? వాన అసాధారణంగా పడిన మాట నిజం. కానీ చెయ్యేరు ఒడ్డున ఆ పల్లెలు ఆనకట్ట రాకముందే ఉన్నాయి. ఏరు పొంగితే వీధి దాకా వస్తుందని వాళ్లకు తెలుసు. రెండు టీఎంసీల నీళ్లు ఒక్క గంటలో గోడలాగా వస్తాయని మాత్రం ఎవరూ చెప్పలేదు. అలాంటప్పుడు ముప్పు చోటు అంటూ పల్లెను నిందించడం సబబు కాదు. మారాల్సింది ముందు ఆనకట్ట, తర్వాతే పల్లె. ఆనకట్టల భద్రత బిల్లుపై ఆ డిసెంబరులో రాజ్యసభలో చర్చ జరిగినప్పుడు కేంద్ర జలశక్తి మంత్రి గజేంద్ర సింగ్ షెకావత్ అన్నమయ్య సంగతినే ఎత్తిచూపారు. చట్టం 2021 డిసెంబరు 30న అమల్లోకి వచ్చింది, కట్ట తెగిన ఆరు వారాలకు.

బాధితులకు పై గడ్డన ఇంటి స్థలాలు ఇచ్చారు, కుటుంబానికి 5 సెంట్లు. తరలింపు దూరం కొద్దిదే కాబట్టి పొలాలు చేజారలేదు. ఆ మాటకొస్తే ఇది మంచి పద్ధతే. చిక్కంతా కట్టుబడిలో వచ్చింది. ఇల్లు పోయిన కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చే సొమ్ముకు తాను మరికొంత కలపాలి. పొలం ఇసుక కింద ఉన్నవాడు ఎక్కడి నుంచి తెస్తాడు? రెండేళ్లు గడిచాక కూడా ఇళ్లు పూర్తికాని కుటుంబాలు చాలా మిగిలాయి. ఇల్లు లేచేదాకా మునిగిన ఊళ్లోనే రేకుల కింద ఉండకతప్పలేదు. కాగితం మీద తరలిపోయిన ఊరు ఆ సమయంలో అసలు ముప్పులోనే ఉంది.

ఇదే జిల్లాలో జమ్మలమడుగు దగ్గరి గండికోట అనుభవం కూడా పక్కన పెట్టుకుని చూడాలి. అక్కడ ఊళ్లను ముంచింది ప్రాజెక్టు, విపత్తు కాదు. 26.85 టీఎంసీల జలాశయాన్ని 2020లో నింపుతూ పోయినప్పుడు కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. పునరావాసం పూర్తిగా అందకముందే కదలమంటే ఎలా అని జనం రోజుల తరబడి ధర్నా చేశారు. చివరికి నీళ్లే గెలిచాయి. పునరావాస కాలనీ అంటే సీమలో ఎందుకు అనుమానంగా చూస్తారో అర్థం కావాలంటే ఈ ఊరి సంగతి తెలియాలి. వరద ముప్పు నుంచి కాపాడతాం రండి అని పిలిచినా అదే ఆఫీసు, అదే ఫారం, అదే జాబితా.

తరలింపులో పెద్ద భారతీయ ప్రయోగం ఒకటి మహారాష్ట్రలోని లాతూరులో జరిగింది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున కిల్లారి చుట్టుపక్కల భూకంపానికి దాదాపు పది వేల మంది చనిపోయారు. మట్టీ రాళ్లూ కలిపి కట్టిన మందపు గోడలే ఎక్కువ మందిని చంపాయి. ఆ ఇళ్లు మన సీమ మిద్దెలకు దగ్గరి చుట్టాలు. ప్రపంచ బ్యాంకు అప్పుతో 52 గ్రామాలను కొత్త చోట్ల కట్టారు. వెడల్పాటి వీధులు, వరసగా కాంక్రీటు ఇళ్లు. భద్రత వచ్చింది. అయితే గొడ్లచావిడికి చోటులేదు, వాడల మధ్య దూరం పెరిగింది, పొలానికి నడక ఎక్కువైంది. అంత దెబ్బ తగలని మరెన్నో ఊళ్లను అక్కడికక్కడే బాగుచేయించారు. భూకంపం నుంచి పారిపోవడం కష్టం, గోడను గట్టిగా కట్టుకోవడం తేలిక. లాతూరు అనుభవం చూసినవాళ్లలో చాలామంది ఈ రెండోదానికే ఓటు వేస్తారు.

సముద్రం ఒడ్డున

వదిలేసిన ఊరికి తెలుగువారి ఉదాహరణ కోరంగి. గోదావరి ముఖాన, యానాం పక్కన, ఓడలు కట్టే రేవు అది. 1789 డిసెంబరులో వచ్చిన ఉప్పెనకు ఇరవై వేల మంది పోయారంటారు. అయినా రేవు లేచింది. 1839 నవంబరులో మరో తుపాను వచ్చి ఓడలను పొలాల్లోకి విసిరేసింది. ఆ తర్వాత కోరంగి కోలుకోలేదు. తప్పంతా తుపానుదే అనడం తొందరపాటు. గోదావరి ఒండ్రు రేవును పూడ్చేస్తూ వచ్చింది, కాకినాడ పక్కనే పైకి లేచింది. బేరం ఉంటే జనం మూడోసారి కూడా కట్టుకునేవారేమో. రంగూన్ వెళ్లిన తెలుగు కూలీలను అక్కడ చాలాకాలం కోరంగీలు అనే పిలిచారు, రేవు పోయాక కూడా.

మచిలీపట్నం, అంటే బందరుది అదే సముద్రం, వేరే దారి. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన మచిలీపట్నాన్నీ చుట్టుపక్కల మైళ్ల కొద్దీ పల్లెలనూ తుడిచిపెట్టింది. సుమారు ముప్పై వేల మంది చనిపోయారని అప్పటి లెక్కలు. అయినా ఊరు కదల్లేదు. జిల్లా కేంద్రం, కోర్టులు, బడులు, కలంకారీ అన్నీ అక్కడే నిలిచాయి. 2023 మే నెలలో కొత్త పోర్టు పనులకు శంకుస్థాపన కూడా అక్కడే జరిగింది. రేవుకు సముద్రం కావాలి కాబట్టి సముద్రపు ముప్పును కూడా భరించాలి. ఇందులో చర్చకు పెద్దగా తావులేదు.

దివిసీమలో అసలైన పాఠం ఉంది. 1977 నవంబరు 19న ఐదారు మీటర్ల ఎత్తు ఉప్పెన నాగాయలంక, కోడూరు వైపు తీర గ్రామాల మీద పడింది. పది వేల మందికి పైగా చనిపోయారు. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప వంటి పేర్లు ఆ తరం తెలుగువారికి ఇప్పటికీ గుర్తే. అప్పట్లో దివిసీమను ఖాళీ చేయించాలన్న మాట వచ్చినా నిలబడే అవకాశం లేదు. రెండు పంటలు పండే మాగాణి అది, సముద్రం మీద బతికే పల్లెకారులకు ఇల్లు తీరాన ఉండాలి. అందుకే అక్కడే కట్టారు. కట్టినదాంట్లో మాత్రం తేడా చూపించారు. సిమెంటు ఇళ్లు, స్తంభాల మీద లేపిన తుపాను రక్షిత భవనాలు, ఊరి దాకా రోడ్డు, వైర్‌లెస్, తీరంలో సరుగుడు తోటలు.

ఆ తేడా ఎంత విలువైందో పన్నెండేళ్ల తర్వాత తెలిసింది. 1990 మే 9న దాదాపు అంతే బలమైన తుపాను దాదాపు అదే తీరాన్ని దాటింది. ఈసారి లక్షల మందిని ముందే కదిలించారు. మృతులు వెయ్యి లోపే. ఊరు ఉన్నచోటే ఉంది, మనిషి మాత్రం రెండు రోజులు పక్కకు జరిగాడు. పునర్నిర్మాణం మీద తెలుగు నేల ఇచ్చిన అన్ని జవాబుల్లోనూ ఇదే గట్టిదని చెప్పవచ్చు.

ప్రభుత్వమే ఊరిని రద్దు చేసిన సందర్భం కావాలంటే తమిళనాడు వైపు చూడాలి. 1964 డిసెంబరు 22-23 రాత్రి తుపాను ధనుష్కోడిని ప్రయాణికుల రైలుతో సహా ముంచేసింది. నివాసానికి పనికిరాదని మద్రాసు ప్రభుత్వం ప్రకటించింది. సన్నని ఇసుక తిన్నె, రెండువైపులా సముద్రం. తాగునీళ్లు కూడా బయటి నుంచే రావాలి. అలాంటి చోట ఆ నిర్ణయం న్యాయమే అనిపిస్తుంది. అయినా చేపలవాళ్లు గుడిసెలు వేసుకుని తిరిగొచ్చారు. జపాన్ ఈశాన్య తీరంలో అనెయోషి అనే చిన్న పల్లె మరో మార్గం తొక్కింది. 1933 సునామీ తర్వాత కొండవాలులో ఒక రాయి పాతి, దానికి దిగువన ఇల్లు కట్టొద్దని చెక్కారు. పడవలు కింద, ఇళ్లు పైన. 2011లో అల ఆ రాతికి కొంచెం కింద ఆగింది.

పెద్ద పట్నాల చిక్కు

పల్లెకు చెప్పే జవాబు పట్నానికి పనికిరాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచెత్తింది. సుమారు పదిహేను వేల మంది చనిపోయారు, పంతొమ్మిది వేల ఇళ్లు కూలాయి, ఎనభై వేల మంది వీధిన పడ్డారు. ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగడం వల్లే ఆ నీళ్లు అంత ఉధృతంగా వచ్చాయని మోక్షగుండం విశ్వేశ్వరయ్య తేల్చారు. చెయ్యేటి కథకు శతాబ్దం ముందటి పాఠం అది. ఆయన సలహా మీద ఊరికి ఎగువన రెండు జలాశయాలు కట్టారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడి ఇరుకు వాడలను తొలగించి రోడ్లు, ఇళ్లు వేసింది. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి ఆ మూసీ ఒడ్డునే లేచాయి. ఒడ్డున కట్టడానికి నిజాం సర్కారు జంకలేదు, ఎందుకంటే నీళ్లను పైన పట్టుకునే ఏర్పాటు కూడా చేసుకుంది.

ఆ వరుస తర్వాతివాళ్లు మరిచారు. నీళ్లు రాని ఏళ్లలో మూసీ గర్భంలో బస్తీలు వెలిశాయి, ఏకంగా బస్ స్టేషన్ కట్టారు. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలను అదుపు చేసిన 1996 నాటి 111 జీవోను 2022లో సడలించారు. 2020 అక్టోబరు వానల్లో పాతబస్తీ కాలనీలు మునిగినప్పుడు తెగినవి మళ్లీ చెరువు కట్టలే. 2024లో మూసీ ఒడ్డు బస్తీలను ఖాళీ చేయించే పని మొదలైనప్పుడు జనం అడిగిన ప్రశ్న సూటిది: పట్టా ఇచ్చింది ఎవరు, కరెంటు మీటరు ఇచ్చింది ఎవరు, ఇంటి పన్ను కట్టించుకుంది ఎవరు?

2009 అక్టోబరు 2న కర్నూలు మునిగింది. తుంగభద్ర, హంద్రి ఒక్కసారే పొంగాయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల నీళ్లొచ్చాయి. ఆనకట్ట 19 లక్షలకు కట్టినది. నీటిమట్టం 885 అడుగులు దాటి 896 అడుగుల పైకి వెళ్లింది. కింద ఆనకట్టను కాపాడుకోవాలి, వెనుక ఊళ్లు మునుగుతున్నాయి. మంత్రాలయం నీళ్లలో ఉంది. నగరాన్ని ఉన్నచోటే కడిగి, బురద తోడి తిరిగి నిలబెట్టారు. వ్యాపారమంతా పాత బస్తీలోనే ఉంటే ఇంకేం చేస్తారు?

విజయవాడ సంగతి ఇంకా దగ్గరిది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు గట్లకు గండ్లు పడి అజిత్ సింగ్ నగర్ చుట్టూ వాడలు రోజుల తరబడి మునిగి ఉన్నాయి. బుడమేరు సహజంగా కొల్లేటికి పోయే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, మళ్లింపు కాలువ ద్వారా దాన్ని కృష్ణకు తిప్పారు. మళ్లింపు కాలువ తట్టుకునేది సుమారు 15 వేల క్యూసెక్కులు. ఆ రోజు అంతకు రెట్టింపుకు పైగా వచ్చింది. అటు కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతుంటే వాగు నీళ్లు నదిలోకి దిగలేదు. వాగు తన పాత దారి వెతుక్కుంది. ఆ దారిలో ఇప్పుడు లక్షల మంది ఉన్నారు. వాళ్లను కదిలించడం కన్నా గట్లు ఎత్తడం, కాలువ వెడల్పు చేయడం మీదే ప్రభుత్వం దృష్టి పెట్టింది.

విశాఖపట్నానికి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్లు దాటింది. చెట్లు, కరెంటు స్తంభాలు పడిపోయి నగరం చీకట్లో గడిపింది. ప్రపంచ బ్యాంకు అప్పుతో ఆ తర్వాత చాలా వాడల్లో కరెంటు తీగలను నేల కిందకు దించారు. చూడ్డానికి ఏమీ కనబడని పని. పునర్నిర్మాణంలో ఇలాంటివే నిలుస్తాయి.

గోదావరి మీద భద్రాచలానిది మధ్యస్థ పరిస్థితి. 1986 ఆగస్టులో అక్కడ నీటిమట్టం 75.6 అడుగులకు లేచింది. తర్వాత కట్టిన కరకట్ట రామాలయం వైపు ఊరిని చాలావరకు కాపాడుతోంది. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు లోతట్టు కాలనీలు మాత్రం మునిగాయి. ఎత్తు మీద శాశ్వత కాలనీలు కడతామని అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు హామీ ఇచ్చారు. ఏడాదిలో పదకొండు నెలలు పొడిగా ఉండే ఇంటిని వదలడానికి హామీ ఒక్కటే చాలదని ఆ కాలనీలవాళ్లు అంటారు.

చట్టాల విషయానికి వస్తే పెద్దగా చెప్పుకోవడానికి లేదు. నదీ మైదానాలను ముంపు తీవ్రతను బట్టి మండలాలుగా విభజించి, ఎక్కడేం కట్టవచ్చో చెప్పే నమూనా బిల్లును కేంద్రం 1975లోనే రాష్ట్రాలకు పంపింది. మణిపుర్, రాజస్థాన్, ఉత్తరాఖండ్ వంటి కొన్ని రాష్ట్రాలు మాత్రమే చట్టం చేశాయి. తెలుగు రాష్ట్రాలు ఆ జాబితాలో లేవు. తీరానికి 1991 నుంచి నియంత్రణ నిబంధనలున్నాయి, ఏటికి లేవు. ఫలితంగా వరద మట్టం ఎంతదాకా వస్తుందో ఇంజనీర్ల దగ్గర పటం ఉన్నా, స్థలం కొనేవాడి చేతిలో ఉండదు. లేఔట్ వేసేవాడికి అది చూపించాల్సిన పనీ లేదు.

కొత్తగా కడుతున్న అమరావతి ఇదే ప్రశ్నను ముందుకు జరిపింది. నదికి ఆనుకుని, కొండవీటి వాగు ముంపు ఉన్న నేల మీద తెలిసి తెలిసే రాజధాని కడుతున్నారు. వాగు నీళ్లను కృష్ణలోకి ఎత్తిపోసే 5 వేల క్యూసెక్కుల పంపింగ్ కేంద్రం 2018 సెప్టెంబరులో మొదలైంది. నీరుకొండ, కృష్ణాయపాలెం, శాఖమూరు దగ్గర నీళ్లు నిలిపే జలాశయాలు ప్రణాళికలో ఉన్నాయి. ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు 2024 డిసెంబరులో మంజూరు చేసిన అప్పుల్లో వరద నివారణ పనులకూ వాటా ఉంది. భారీ వాన పడిన రాత్రి వాగూ నిండుగా ఉంటుంది, కృష్ణా నిండుగా ఉంటుంది. నీళ్లు వాటంతట అవి దిగవు, పంపులు ఆగకుండా తిరగాలి, కరెంటు పోకూడదు.